రెండో దెబ్బ

నడిపక్క నోట్లోంచి ఏడు మేకులు నేనే తీశాను.

పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. "వదులమ్మా, నేనే, బావని" అని నాలుగైదుసార్లు అన్నాక దవడ కాస్త సడలింది. పెదవి చీరుకోకుండా ఒక్కొక్కటీ తీసి నా అరచేతిలో పెట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. చివరిది తీశాక ఆమె ఊపిరి లోపలికి లాగింది. చిల్లు పడ్డ కొలిమితిత్తిలోకి గాలి పోయినట్టు వినిపించింది.

మెడ మీద ఎర్రటి గీత. ఒక చెవి కింద మొదలై, గొంతు మీదుగా వెళ్లి, రెండో చెవి కింద ఆగింది. కొన్నిచోట్ల చర్మం తెగింది.

ఆమెకు మూడడుగుల దూరంలో తాళాలాయన వెల్లకిలా పడి ఉన్నాడు. మొలకి తాళంచెవుల గుత్తి అలాగే ఉంది. చేతి పక్కన పెట్టెలు బిగించే ఇనప తీగ ముక్క. పట్టుకుని లాగడానికి వీలుగా రెండు కొసలకీ చెక్క ముక్కలు కట్టి ఉన్నాయి. నాడి చూశాను. లేదు.

మాది పెట్టెల కంపెనీ. రంపం షెడ్డులో దుంగలు పలకలవుతాయి. పక్కనున్న మేకుల షెడ్డులో నలభైమంది ఆడవాళ్లు ఆ పలకల్ని పెట్టెలు చేస్తారు. నేను కంపెనీ వైద్యం గదిలో కాంపౌండర్ని. డిగ్రీ చదివి ఆ పనిలో కుదురుకున్నాను. నా భార్య ఆ షెడ్డులోనే పదకొండేళ్లు మేకులు కొట్టింది. వాళ్లందరికీ ఆమె అక్క, అందుకని నేను బావని. ఆమె పోయి ఆరేళ్లయినా ఆ వరస పోలేదు.

మేకులు కొట్టేవాళ్లు ఇరవై మేకుల్ని ఒక్కసారే నోట్లో వేసుకుంటారు. నాలుకతో ఒక్కోదాన్నీ పెదాల మధ్యకి తోస్తే, ఎడంచెయ్యి అందుకుంటుంది. మొదటి దెబ్బ మేకును నిలబెట్టడానికి, రెండోది దించడానికి. ఠక్ఠక్. పది గంటలు అదే పని. నా భార్య తాగిన గ్లాసు అంచు ఎప్పుడూ ఇనుము వాసన వేసేది. ఎంత తోమినా పోయేది కాదు. ఇప్పుడది మామూలు గ్లాసులాగే ఉంది.

మేకుల షెడ్డుకి ఒకటే తలుపు. పని మొదలయ్యే కూత వెయ్యగానే దానికి బయట తాళం పడుతుంది. మేకులు బయటికి పోతున్నాయని కాంట్రాక్టరు పెట్టిన పద్ధతి అది. ఆ వారం మొదట్లోనే రంపపు పొట్టు అంటుకుని షెడ్డు నిండా పొగ కమ్మింది. తాళాలాయన తీరిగ్గా వచ్చి తలుపు తీసేసరికి ఆరుగురు సొమ్మసిల్లి ఉన్నారు. ఆ మర్నాడు నడిపక్క అందరి ఎదుటా లేచి నిలబడింది.

"తాళంచెవి ఇకమీదట లోపల, మా గోడకి వేలాడాలి. సోమవారం దాకా చూస్తాం. తర్వాత ఒక్కరం కూడా బల్ల దగ్గర కూర్చోం."

ముగ్గురు అక్కచెల్లెళ్లలో మధ్యది కనక ఆమె నడిపక్క. ఇంట్లో పెద్దదాని మాటా చిన్నదాని మారామూ రెండూ సర్దుకొచ్చిన మనిషి, గొంతు పెంచేది కాదు. అందుకేనేమో ఆ మాట కాంట్రాక్టరు గదిదాకా సూటిగా వెళ్లింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ తాళాలాయన అందర్నీ పంపేసి ఆమెను ఆపాడు. "నువ్వు ఆ పన్నెండు పెట్టెలూ ముగించి పో" అన్నాడు. తను లోపలే ఉండి, ఆ తలుపు తాళంచెవి ఒక్కటి చేతికిచ్చి, బయట తాళం వేసుకుని ముప్పావుగంటాగి రమ్మని భార్య తమ్ముడికి చెప్పాడు. ఆ తమ్ముణ్ణి కంపెనీ మొత్తం బావమరిది అనే పిలుస్తుంది. నడిపక్క నోటినిండా మేకులతో పెట్టె మీద వంగి ఉండగా వెనకనించి మెడకి తీగ పడింది. "తాళంచెవి కావాలా నీకు?" అన్నాడట. ఆమె కుడిచేతిలో సుత్తి ఉంది.

నేను మెడకి మందు రాస్తుంటే ఆమె చెప్పింది ఇంతే. నేను మందు సీసా కోసం అటు తిరిగి ఇటు తిరిగేలోపు, తాళం తీశాక అక్కడే నిలబడి ఉన్న బావమరిది వంగి ఆ తీగను చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. నా కళ్లలోకి చూస్తూనే వేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఎన్ని కొట్టావు?"

"రెండు."

"మొదటి దెబ్బకి పట్టు వదిలాడా?"

నడిపక్క గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకుంది. "వదిలినట్టే ఉంది."

"మరి రెండోది ఎందుకు?"

ఆమె తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి, ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది. "చెయ్యి" అంది.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. దొరికిన వస్తువుల జాబితాలో ఒకటే ఉంది: సుత్తి.

"సార్, ఇక్కడ తీగ కూడా ఉండాలి. ఆమె మెడ చూడండి" అన్నాను.

"ఏ తీగ? నువ్వు డాక్టరువా?"

"కాంపౌండర్ని."

"అయితే కట్టు కట్టుకో."

కట్టాను. జీపు ఎక్కించేటప్పుడు ఆడ కానిస్టేబులు ఒకామె తన సొంత చేతిరుమాలు తీసి, సంకెళ్ల అంచు గుచ్చుకోకుండా నడిపక్క మణికట్టు చుట్టూ పెట్టింది. ఎవరూ చూడలేదనుకుంది.

మెడ చూసే పెద్ద డాక్టరు దగ్గరికి నడిపక్కను తొమ్మిది రోజుల తర్వాత తీసుకెళ్లారు. అప్పటికి గీత సగం మాసి, దేనిదో తేల్చలేనట్టు అయింది. నా గదిలో రోగుల పుస్తకంలోంచి ఆ శనివారం కాగితం అంతకుముందే మాయమైంది.

*

లాయరమ్మ సన్నటి మనిషి. ఎండలోనూ వానలోనూ అదే నల్ల గొడుగు. ఆదివారం పొద్దున మా ఇంటి ముందుగదిలో ముప్పైమంది దాకా ఇరుక్కుని కూర్చున్నారు. మిగతావాళ్లు గుమ్మంలోనూ మెట్ల మీదా నిలబడ్డారు.

"ముందొక సంగతి చెప్పు లాయరమ్మా" అంది మైకత్త. రంపం మోత మధ్యలో కూడా వినిపించే గొంతు కనక ఆమెకా పేరు. "మనిషిని చంపడానికి చట్టం ఎప్పుడైనా ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది. ప్రాణం పోతుందన్న భయం ఉండాలి. ఆ భయానికి తగిన కారణం ఉండాలి. తప్పించుకునే దారి ఉండకూడదు. అప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయేటంత బలం వాడినా అది హత్య కాదు. ఆత్మరక్షణ."

"ఇంకేం మరి! రేపే ఇంటికొచ్చేస్తుంది."

"తలుపు బార్లా తీసి ఉంది, పారిపోలేదేం అంటారు."

"తీసి ఉందా! వాళ్ల నోట్లో దుమ్ము పడ! తాళం వేసినవాడే కదా తీసింది?"

"భోజనాల వేళ తాళమే వెయ్యరని బావమరిది వాంగ్మూలం ఇచ్చాడు. అసలా తలుపుకి తాళం వేసే అలవాటే లేదని కంపెనీ రాసిచ్చింది." లాయరమ్మ కాగితం తిప్పింది. "అదలా ఉంచండి. రంపం మిషను దగ్గర మనుషులున్నారు, గట్టిగా అరవలేదేం అంటారు. దీనికి నా దగ్గరా జవాబు లేదు. ఎందుకు అరవలేదు?"

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మైకత్త ఫక్కున నవ్వింది.

"నోటినిండా మేకులు పెట్టుకుని ఎలా అరుస్తుంది తల్లీ? మింగి చస్తుంది!"

లాయరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. "మేకులు నోట్లో పెట్టుకుంటారా?"

"మరెక్కడ పెట్టుకుంటాం, కొప్పులోనా?"

"నాకిది ఎవ్వరూ చెప్పలేదే! నడిపక్క కూడా చెప్పలేదు."

"ఇందులో చెప్పడానికేముందమ్మా, అందరికీ తెలిసిందేగా" అంది మూలనుంచి పెద్దమ్మ, షెడ్డులో అందరికన్నా వయసులో పెద్దది.

నాకు సిగ్గేసింది. ఆ ఏడు మేకులూ నా చేత్తో తీసి ఒక కాగితంలో పొట్లం కట్టి దాచాను. దాచానే గాని, అవి సాక్ష్యమని నాకు తట్టలేదు. రోజూ చూసేదాన్ని మనం ఎవరికీ చెప్పం. నేను లేచి పొట్లం తెచ్చి లాయరమ్మ ఒళ్లో పెట్టాను. ఆమె విప్పి చాలాసేపు చూసింది.

"అయినా అసలు చిక్కు రెండో దెబ్బ దగ్గరుంది" అంది చివరికి. "ప్రమాదం ఆగేదాకానే చట్టం కొట్టనిస్తుంది. పట్టు వదిలాక కొట్టిన దెబ్బని రక్షణ అనరు, కసి అంటారు. మొదటిది కాపాడుకోవడం, రెండోది చంపడం. సర్కారు వకీలు కేసంతా దానిమీదే నడుపుతాడు."

"ఎంత దెబ్బకి ఆగుతాడో ముందే ఎట్లా తెలుస్తుంది?" మైకత్త ముందుకి జరిగింది. "మెడకి తీగ పడ్డాక ఆగి, చూసి, వాడు బుద్ధిమంతుడయ్యాడో లేదో కనుక్కుని కొట్టాలా? ఆ చట్టం రాసినాయన మెడకి ఎప్పుడైనా ఏదైనా పడిందా? టై తప్ప!"

గదంతా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"మాకు ఒక్క దెబ్బంటూ ఉండదమ్మా" అంది. "రెండూ కలిపితేనే ఒక పని."

"ఆ మాట కోర్టులో చెప్తావా పెద్దమ్మా? తాళం సంగతీ, మేకుల సంగతీ?"

పెద్దమ్మ తల దించుకుంది. ఆ వారమే కాంట్రాక్టరు షెడ్డులోకి వచ్చి చెప్పి వెళ్లాడు, బోనెక్కినవాళ్లు మళ్లీ బల్ల దగ్గరికి రానక్కర్లేదని. పెద్దమ్మదీ ఆమె కూతురిదీ రెండు బల్లలూ అక్కడివే.

"చూశావా, నోరు పడిపోయింది!" మైకత్త మండిపడింది. "పొగలో పడిపోయినప్పుడు నిన్ను భుజాన వేసుకుని గాలికి తెచ్చిందెవరే? నడిపక్క కాదూ?"

"తెచ్చింది. నేను కాదన్నానా?" అంది పెద్దమ్మ. "నీకేం, నీ మొగుడికి వేరే చోట పని ఉంది. నోరు తెరిస్తే మా ఇంట్లో ఇద్దరం ఇంటికి. నోరు తెరవకుండా చెప్పే ఉపాయం ఉంటే చెప్పు, ఉరికంబం మీద నిలబడైనా చెప్తాను."

పెద్దమ్మే మళ్లీ నెమ్మదిగా అంది, తనలో తను అనుకుంటున్నట్టు: "ఆ జడ్జిబాబునే మన దగ్గరికి రమ్మనకూడదూ? మనం పని చేసుకుంటూ ఉంటాం. నోట్లో మేకులుంటాయి కనక ఎవరూ ఏమీ చెప్పలేదనే అవుతుంది."

లాయరమ్మ గొడుగు చంకలోంచి జారి కిందపడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

*

కోర్టులో నేను సాక్ష్యం చెప్పాను. సర్కారు వకీలు నన్ను మర్యాదగానే అడిగాడు. "గీత చూశానంటారు. అది గోరు గీతా, గొలుసు గీతా, తీగ గీతా అని తేల్చి చెప్పే చదువు మీకుందా?" లేదన్నాను. "పుస్తకంలో రాశారా?" రాశాను, కాగితం చింపేశారన్నాను. "ఎవరు చింపారో చూశారా?" లేదన్నాను. నలుగురు నవ్వారు. మర్నాటినుంచి వైద్యం గదికి వేరే తాళం పడింది.

బావమరిది నూనె రాసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. తాళాలాయన పోయిన నెల్లోనే వాడికి తాళంచెవుల గుత్తి ఇచ్చారు. ఆ తలుపుకి ఎన్నడూ తాళం వెయ్యలేదని ప్రమాణం చేసి చెప్పాడు. అయితే స్వయంగా వచ్చి చూడమని లాయరమ్మ అడిగింది. జడ్జిగారు ఒప్పుకున్నారు.

ఆయన వచ్చిన రోజు కంపెనీ ముఖం కడుక్కుని కూర్చుంది. పొట్టు ఊడ్చారు. తలుపుకి రంగేశారు. గడియ పీకితే మచ్చ కనబడుతుందని గడియ ఉంచి, తాళాన్ని మాత్రం బయట గోడకున్న కొక్కేనికి తగిలించారు. ఆడవాళ్లని అరగంట ముందే కూర్చోబెట్టి, మామూలుగా పని చేసుకొమ్మన్నారు. బయట ఇన్‌స్పెక్టరూ పదిమంది పోలీసులూ తలుపుకి వీపు పెట్టి నిలబడ్డారు. కాంట్రాక్టరు కాస్త దూరంగా, తలుపు కనపడని చెట్టునీడన నిలబడ్డాడు.

జడ్జిగారూ, గుమాస్తా, సర్కారు వకీలూ, లాయరమ్మా, సాక్షిగా నేనూ లోపలికి వెళ్లాం. నలభై సుత్తులు ఆడుతున్నాయి. నలభై నోళ్లు మూసి ఉన్నాయి. పెదాల మధ్య మేకు మొనలు మెరుస్తున్నాయి.

"మీలో ఎవరైనా చెప్పండమ్మా" అన్నారు జడ్జిగారు. "ఈ తలుపుకి తాళం వేసేవారా?"

ఠక్ఠక్. ఠక్ఠక్.

"భయపడకండి. ఎవరైనా చెప్పొచ్చు."

ఎవరూ తలెత్తలేదు. సర్కారు వకీలు చేతులు కట్టుకుని చిన్నగా నవ్వాడు. "చూశారుగా. చెప్పడానికి ఏమీ లేదు."

"వాళ్లు చెప్పలేరండి" అంది లాయరమ్మ. "నోటినిండా మేకులున్నాయి. అరవమని అడిగి చూడండి, ఏమవుతుందో."

జడ్జిగారు దగ్గరికి వెళ్లి ఒక్కో మొహం పరీక్షగా చూశారు. అడగలేదు. మేకుల రాపిడికి పెదవి మూలల్లో పడ్డ నల్లటి మచ్చలు చూశారు. అలాంటి మచ్చ నా భార్యకీ ఉండేది.

"ఇంకొకటి" అంది లాయరమ్మ. "ఎవరినైనా ఒక్కటే దెబ్బ కొట్టమనండి."

ఆయన పెద్దమ్మ ముందు ఆగారు. "అమ్మా, ఆ మేకు మీద ఒక్క దెబ్బ వెయ్యండి. ఒక్కటే."

పెద్దమ్మ తలూపింది. మేకు పెట్టింది. ఠక్ఠక్. సిగ్గుపడి ఇంకో మేకు అందుకుంది. ఈసారి సుత్తిని గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి, మెల్లిగా ఎత్తింది. ఠక్ఠక్. మూడోసారి కూడా అంతే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సుత్తి కింద పెట్టి, ఇన్‌స్పెక్టరు ముందు ఆ రోజు నడిపక్క చూసుకున్నట్టే, తన కుడిచేతిని తిప్పి చూసుకుంది.

గుమాస్తా రాసుకుంటున్నాడు. అప్పుడు రెండు గంటల కూత వేసింది. పక్క షెడ్డులో రంపం మిషను లేచింది. ఆ మోతలో ఇంకో చిన్న చప్పుడు కూడా అయింది. మాకు సరిగ్గా వినపడలేదు, ఆడవాళ్లకి మాత్రం వినపడింది. నలభై సుత్తులూ ఒక్కసారి ఆగాయి.

జడ్జిగారు తలుపు లాగారు. రాలేదు.

ఇంకోసారి లాగారు. సర్కారు వకీలు వెళ్లి భుజం ఆనించి కుదిపాడు. బయట గడియకి ఇనుము కొట్టుకున్న చప్పుడు.

ఈ రోజు తాళం వెయ్యొద్దని బావమరిదికి కాంట్రాక్టరు పదిసార్లు చెప్పాడని తర్వాత తెలిసింది. వాడూ సరేనన్నాడు. కూత వెయ్యగానే కొక్కేనికున్న తాళం తీసి, గడియకి వేసి, ఎప్పటిలాగే వెనక గిడ్డంగివైపు వెళ్లిపోయాడు. పదేళ్లుగా తాళాలాయన వెంట తిరిగి కూతకి తాళం వేసిన చెయ్యి అది. ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

"తలుపు తియ్యండి!" అని జడ్జిగారు అరిచారు. పక్కనే నిలబడ్డ నాకే సగం మాట వినపడింది. సర్కారు వకీలు అరిచాడు. గుమాస్తా పుస్తకంతో తలుపు బాదాడు. మైకత్త మేకుల్ని చేతిలోకి ఉమ్మి, లేచి, నడుం మీద చెయ్యేసుకుని ఒక్క కేక పెట్టింది. రంపం ఆ కేకను కూడా మింగేసింది. ఆమె మా వైపు తిరిగి "ఊఁ" అన్నట్టు తలెగరేసి మళ్లీ కూర్చుంది.

షెడ్డులో గాలి ఆడదు. కాసేపటికి జడ్జిగారి ముఖం పాలిపోయింది. కాలరు వదులు చేసుకున్నారు. పెద్దమ్మ లేచింది. నోట్లో మేకులన్నీ ఒళ్లోకి తీసి, కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది. వాళ్లెవరికీ ఆ మనిషి మీద దయ చూపించాల్సిన అవసరం లేదు. అయినా చూపించింది.

"మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది బాబూ" అంది. తర్వాత, మేకుల్లేని నోటితో, ఆయన చెవికి దగ్గరగా వంగి: "ఈ తలుపు ఎప్పుడూ ఇంతే."

గుమాస్తా అది రాశాడా లేదా అని లాయరమ్మ వంగి చూసింది. రాశాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు, ఎవరూ ఆదేశించలేదు. మైకత్త సుత్తి తిప్పి పట్టుకుని, చీలికవైపు తలుపు బందుల కింద దూర్చింది. ఇంకొకామె వచ్చింది. ఇంకో నలుగురు. మేకు దించడం వచ్చినవాళ్లకి పీకడం రాదా! రెండు నిమిషాల్లో మూడు బందులూ ఊడాయి. పదిమంది పట్టుకుని తలుపును లోపలికి లాగి నేలమీద పరిచారు. వెలుగు ఒక్కసారిగా పడింది. అది చూసి పక్క షెడ్డువాళ్లు రంపం ఆపేశారు.

బయట పోలీసులకి కనిపించింది సుత్తులు పట్టుకున్న నలభైమంది. ఇన్‌స్పెక్టరు చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. తోలు ఒర బటను ఊడటం కనిపించింది. పదిమంది పోలీసుల్లో ఇద్దరు తుపాకులు ఎత్తారు.

"కదలకండి" అంది లాయరమ్మ మెల్లిగా. "ఇప్పుడు వాళ్లు కాలిస్తే అది ఆత్మరక్షణ అవుతుంది. వాళ్లని ఎన్ని గుళ్లు అని కూడా ఎవరూ అడగరు."

ఎవరూ కదల్లేదు. ఎవరూ సుత్తి కింద పెట్టలేదు కూడా. అలాగే నిలబడ్డాం. అప్పుడు జడ్జిగారు పడుకోబెట్టిన తలుపు మీదుగా నడిచి, ముందుగా బయటికి వెళ్లారు. తుపాకులు దిగాయి.

సాయంత్రానికి మైకత్తనీ ఇంకో ముగ్గురినీ కంపెనీ ఆస్తి ధ్వంసం చేసినందుకు పట్టుకుపోయారు.

*

తీర్పు రోజు కోర్టు బయట మా ఒక్క షెడ్డే కాదు, ఆ వీధిలో ఉన్న పెట్టెల షెడ్లన్నీ ఖాళీ చేసి వచ్చారు. అన్ని షెడ్లకీ అవే తాళాలు. మూడు వందలమంది దాకా ఉంటారు. నోళ్లలో మేకులు పెట్టుకుని ఊరేగింపుగా వచ్చారు. నినాదం లేదు, పాట లేదు. "చెదిరిపొండి!" అని పోలీసులు మైకులో అరుస్తుంటే ఒక్కరూ జవాబు చెప్పలేదు. జవాబు రాని గుంపును చూసి పోలీసులు వెనక్కి అడుగేశారు.

జడ్జిగారు తల ఎత్తకుండా చదివారు. తలుపుకి తాళం ఉంది. అది ఆయన స్వయంగా చూశారు. పారిపోయే దారి లేదు. అరిచే వీల్లేదు. మెడకి తీగ పడిందన్నది నమ్మదగినదే. మొదటి దెబ్బ ముమ్మాటికీ ఆత్మరక్షణ. అక్కడ ఆగి నీళ్లు తాగారు.

రెండో దెబ్బ వెయ్యడానికి ముందు ముద్దాయి మెడ విడుదలైంది. ఆ మాట ఆమే ఒప్పుకుంది. చెక్క మీద ఆగని చెయ్యి మనిషి మీద ఆగి తీరాలని చట్టం ఆశిస్తుంది. అది అవసరాన్ని మించిన బలం. హత్య కాదు గాని నేరమే. ఏడేళ్లు.

లాయరమ్మ గొడుగు పిడి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. చట్టం తాళాన్ని చూసింది, మేకుల్ని చూసింది, చేతిని కూడా చూసింది. ఆ చేతికి ఆ అలవాటు ఎవరు చేశారని మాత్రం అడగలేదు. తాళం వేయించినవాడి పేరు ఆ తీర్పులో ఎక్కడా లేదు. ఆ మెడ విడుదలైందన్నారు. తాళం మాత్రం అలాగే ఉండగా.

నడిపక్కను బయటికి తెచ్చారు. చిక్కిపోయింది. మెడ మీద మచ్చ సన్నటి దారంలా మిగిలింది. వ్యాను తలుపు దగ్గర అదే కానిస్టేబులామె. "ఎక్కించు, ఎక్కించు" అని ఇన్‌స్పెక్టరు కసురుతున్నా, తాళంచెవి కనబడనట్టు జేబులు వెతుక్కుంటూ నిలబడింది. ఒక్క నిమిషం. ఆ నిమిషం చాలింది.

నడిపక్క మూడు వందల మూసిన నోళ్లనీ చూసింది. నన్ను చూసింది. నవ్వినట్టే ఉంది.

"బావా, నా నోట్లో ఇప్పుడు మేకుల్లేవు" అంది. ఆపైన, జీవితంలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది:

"తలుపులు పీకెయ్యండే! ఒక్కటీ ఉంచకండి!"

వ్యాను కదిలింది. తర్వాత పెద్దమ్మ అరచెయ్యి నోటి కింద పట్టుకుని మేకుల్ని ఉమ్మింది. పక్కామె ఉమ్మింది. ఆ పక్కామె. మూడు వందల నోళ్లలోంచి మేకులు రాలుతున్న చప్పుడు రేకుల మీద వాన మొదలైనట్టు వినిపించింది.

పొద్దు గూకకముందే ఆ వీధిలో ఏ షెడ్డుకీ తలుపు లేదు.

ఇప్పుడు నేను ఇది రాస్తున్నది మేకుల షెడ్డు గుమ్మంలో కూర్చుని. వీధి మొదట్లో మూడు పోలీసు లారీలు ఆగి ఉన్నాయి. ఇంజన్లు ఆపలేదు. రేపు పొద్దున వస్తారని కానిస్టేబులామె మనిషి ద్వారా కబురు పంపింది. లోపల బల్లల పక్కన ఒక్కో రేకు డబ్బా పెట్టి ఉంది, మేకులు అందులో వేశారు. వంగి తీసుకోవాలి కనక పని నెమ్మదిస్తుంది. కాంట్రాక్టరు గుమాస్తా ఇందాకే వచ్చి, ఇదేం పద్ధతని అడిగాడు.

పెద్దమ్మ సుత్తి ఎత్తింది. ఠక్ఠక్. తర్వాత తలెత్తి వాడికి జవాబు చెప్పింది.